ఏకాంతానికి నలుగురం

మా పెళ్ళయిన కొత్తల్లో, మంగళగిరిలో మా వీధి మొత్తమ్మీద మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికంటూ ఒక వేళ ఉండేది కాదు. ఒక గదిలో మగ్గం, ఇంకో గదిలో మేమందరం. మూడు నెలల కాపురంలో మా మాటలన్నీ "కండెలకి నూలు చుట్టావా?", "చుట్టానండీ" దగ్గరే ఆగాయి. నాకేమో ఆయన్ని ఒక్క మాట అడగాలని మహా ఆరాటంగా ఉండేది, నేను మీకు నచ్చానా అని. (పెళ్ళిచూపుల్లో ఆయన నోరు తెరిచేలోపే అత్తగారు "మావాడికి నచ్చింది" అని తేల్చేశారు మరి!)

అమావాస్యకి మగ్గం ఆపుతాం. ఆ రోజు ఎక్కడికైనా వెళ్దామని ఆయనే అన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది. కోడూరు అవతల ఎవరూ రాని బీచి ఒకటుందట, ఆటో దిగి కాస్త నడిస్తే చాలట. పెళ్ళాన్ని షికారుకి తీసుకెళ్తున్నానని తల్లితో చెప్పే ధైర్యం ఈయనకెక్కడిది! "అమావాస్య కదమ్మా, సముద్రస్నానం చేసొస్తాం" అన్నారు పెద్దమనిషి. అత్తగారి మొహం వెలిగిపోయింది. "ఎంత మంచి బుద్ధి పుట్టిందిరా! నేనూ వస్తా, అక్కయ్యనీ రమ్మంటా." ఆ అక్కయ్యగారికి, అంటే మా పెద్దత్తగారికి, మోకాళ్ళ నొప్పులు. పుణ్యం దగ్గర మాత్రం అవి ఎప్పుడూ అడ్డం రాలేదు.

మూడు బస్సులు మారి, ఆటో దిగేసరికే నా నడుం పడిపోయింది. అక్కణ్ణించి నడక. పులిహోర క్యారియరు, నీళ్ళ క్యాను, పొడిబట్టల సంచీ అన్నీ తగిలించుకుని ఆయన ముందు, నా భుజం మీద బరువంతా వేసి పెద్దత్తగారు వెనక. దారిలో బురదకి నా చెప్పులు దిగబడిపోతుంటే ఆయన వెనక్కొచ్చి, మాటా పలుకూ లేకుండా వాటిని చేత్తో పట్టుకుని మళ్ళీ నడిచారు. "ఇంకెంతరా?" అని పెద్దత్తగారు. "అదిగో పెద్దమ్మా, ఆ సరుగుడు తోట దాటితే సముద్రమే." దాటాం. అవతల ఇంకో సరుగుడు తోట. హోరు వినిపిస్తుంది గానీ నీళ్ళు కనపడవు. మూడో తోట దగ్గర నాకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి చేరాం. నిజంగానే పీతలు తప్ప పురుగు లేదు. అత్తగార్లిద్దరూ గోవింద కొడుతూ నీళ్ళలోకి దిగారు. ఆయన ఇసుకలో వెల్లకిలా పడుకున్నారు. ఇంతకంటే మంచి సమయం రాదనుకున్నాను. సముద్రంవైపే చూస్తూ అడిగేశాను. "ఏమండీ, నేను మీకు నచ్చానా?" రెండు అలలు వచ్చి వెళ్ళాయి. దీనికింత ఆలోచనా అని తిరిగి చూస్తే, నోరు తెరుచుకుని గురక! మూడు బస్సులూ మూడు తోటలూ కలిసి ఒక్కసారిగా మీద పడ్డట్టయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వెనకనించి కొంగు పిండుకుంటూ అత్తగారి గొంతు. "నచ్చకపోతే మోస్తాడుటే నీ చెప్పులు? ఇంట్లో తాగిన గ్లాసు తీసిపెట్టడు వాడు." చూద్దును గదా, క్యారియరు ఎక్కడో పడుంది, సంచీ ఇసుకలో దొర్లింది, నా చెప్పులు మాత్రం ఆయన చేతిలోనే ఉన్నాయి.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఇల్లంతా ఏకాంతమే, గురక అదే. మొన్న, మేమిప్పుడుంటున్న పటమట బజారులో కూరగాయల సంచులు రెండూ ఆయనే పట్టుకుని, వెనక్కి చూడకుండా నడుస్తుంటే మళ్ళీ అడుగుదామా అనిపించింది. ఆయన తరఫున జవాబు చెప్పే మనిషి లేదు కదా అని ఊరుకున్నాను.