సీమంతం కాకముందే రమ్మన్న సిస్టరమ్మ

సెంటినరీ కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఉండే సిస్టరమ్మ పోయిన గురువారం చనిపోయింది. ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరుతూ కొడుకు టీ ఇవ్వబోతే లేవలేదట. అప్పటికే ఒళ్లు చల్లబడింది. ఆ మాట వినగానే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆమె ఇంకొన్నాళ్లు ఉండాల్సింది. మా ఇంటికి ఆమెతో పని ఉంది.

దవాఖానలో నర్సుగా రిటైరయ్యాక ఆమె ప్రతి శనివారం మధ్యాహ్నం తన వరండాలో చాపలు పరిచేది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. నొప్పులు ఎలా మొదలవుతాయి, ఊపిరి ఎలా వదలాలి, ఏం కనిపిస్తే ఆగకుండా దవాఖానకు పోవాలి, అన్నీ చెప్పేది. పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగిందంటే కిటికీలు గలగలలాడేవి. అందరూ పిడికిళ్లు బిగించి ఊపిరి బిగబట్టేవాళ్లు. "చూసిండ్రా, నొప్పి రాకముందే ఎట్ల బిగుసుకపోయిండ్రో! పిడికిలి ఇడువుండ్రి, ఊపిరి ఇడువుండ్రి," అనేది.

మొగుళ్లనూ వదిలేది కాదు. సెకండ్ షిఫ్టు ఉందని జారుకోబోయిన ఒకతన్ని, "బిడ్డ నీ షిఫ్టు చూసుకొని పుడుతదా? కూసో," అని కూర్చోబెట్టి పెళ్లాం నడుం ఎలా రుద్దాలో నేర్పింది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు. మేమంతా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం.

ఐదో నెల పడగానే రావాలని ఆమె పట్టు. "తొమ్మిదో నెలల వస్తే నేనేం చెప్పాలె? అప్పటికి కడుపు కన్నా భయమే పెద్దగైతది," అనేది. మా దగ్గరేమో మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో సీమంతం చేసి తల్లిగారింటికి తీసుకెళ్తారు. అంతకుముందు కాన్పు మాట ఎత్తితే దిష్టి తగులుతుందని పెద్దవాళ్ల భయం. ఇక ఈమె దగ్గరికి వచ్చేదెప్పుడు?

మూడేళ్ల కిందట మా తమ్ముడి భార్య విషయంలో అదే జరిగింది. మా అమ్మా వాళ్లూ ఊళ్లో ఉంటారు. నన్ను చూడటానికి వచ్చిన అమ్మతో సిస్టరమ్మ, "అక్కా, కోడల్ని నాలుగు శనివారాలు నా దగ్గరికి తోలుకరా," అంది. "సీమంతం కానీ సిస్టరమ్మా, గప్పుడే కాన్పు ముచ్చట ఎందుకు?" అంది మా అమ్మ.

సీమంతం ఘనంగా జరిగింది. మరదలు పుట్టింటికి వెళ్లింది. నెలలు నిండాక ఒక ఉదయం ఆమెకు ఉమ్మనీరు పోయింది. నొప్పులు రాలేదు. నొప్పులు వస్తేనే కదా కాన్పు అనుకుని పుట్టింటివాళ్లు ఆగారు. పైగా అమావాస్య, తెల్లారి పోదాంలే అన్నారు. తెల్లారేసరికి ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. కడుపులో బిడ్డ కదలడం మానేసింది. దవాఖానలో ఆమె ప్రాణం ఒక్కటే దక్కింది. పోయింది ఆడపిల్ల.

సిస్టరమ్మ మా అమ్మను ఒక్క మాట అనలేదు. నేనైతే అనేదాన్ని. ఆమె మాత్రం మా అమ్మ పక్కన కూర్చుని చాలాసేపు చెయ్యి పట్టుకుంది. "గివన్ని తెలిసినోళ్లు ఎవ్వరు పక్కన లేకపాయె గదక్కా," అంది. ఆ తర్వాత తన పద్ధతే మార్చేసింది. కాన్పు క్లాసు అనడం మానేసి నడుం నొప్పి క్లాసు అని చెప్పుకుంది. నడుం నొప్పికి ఎవరి దిష్టీ తగలదు కదా! అత్తలే కోడళ్లను వెంటబెట్టుకుని ఐదో నెలలో రావడం మొదలుపెట్టారు. వచ్చిన అత్తలను బయట నిలబడనిచ్చేది కాదు. చాప మీద కోడలి పక్కనే కూర్చోబెట్టి ఇద్దరికీ చెప్పేది. ఆ మూడేళ్లలో ఆమె చెప్పిన మాట పట్టుకుని వేళకు దవాఖాన చేరినవాళ్లు మా క్వార్టర్ల లైన్‌లోనే ఉన్నారు. వాళ్ల పిల్లలు ఇప్పుడు మా గుమ్మాల ముందు ఆడుకుంటున్నారు. ఆ పిల్లలను చూసినప్పుడల్లా ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు మా తమ్ముడి భార్యకు మళ్లీ ఐదో నెల. చనిపోవడానికి ముందే, వచ్చే శనివారం ఆమెను తీసుకురమ్మని సిస్టరమ్మ తేల్చి చెప్పింది. "ఈసారి ముందు నా ఇల్లు, తర్వాతనే తల్లిగారిల్లు," అని నవ్వింది కూడా.

శుక్రవారం సిస్టరమ్మను క్రైస్తవుల సమాధుల తోటలో పెట్టి వచ్చాం. ఊరికి ఫోన్ చేస్తే మరదలే ఎత్తింది. కడుపుతో ఉన్న మనిషికి చావు కబురు చెప్పకూడదంటారు. బాగున్నారా అని అడిగి, అమ్మకు తర్వాత చెప్పొచ్చులే అని పెట్టేశాను.

శనివారం మా అమ్మ, మరదలు బస్సు దిగి నేరుగా సిస్టరమ్మ ఇంటికే వెళ్లారు. నేను చూసి పరిగెత్తేసరికి ఆలస్యమైంది. వరండాలో కుర్చీ మీద పూలదండ వేసిన ఫొటో, ముందు కొవ్వొత్తి. మరదలు ఒక చెప్పు విడిచి, రెండో చెప్పు విడవకుండా మెట్టు మీదే ఆగిపోయి ఉంది. మా అమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని నావైపు తిరిగింది.

"ఈసారి జల్దినే వచ్చినం గద బిడ్డా," అంది.