కొండను తగిలించిన పెద్దక్క

పెద్దక్క ఒకసారి ఒక కొండను లారీ వెనక తగిలించి, భోజనాల వేళకి అవతలి ఊళ్ళో దింపి, సాయంత్రానికి ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కుంది.

సరే, కొండ కాదు. కొండ మీదికి ఎక్కించాల్సిన అద్దం. లారీ తోలింది కూడా పెద్దక్క కాదు, ఆమె తమ్ముడు. ఆ సాయంత్రం బట్టలు ఉతికిందో లేదో చూసినవాళ్ళు లేరు. కానీ తగిలించింది మాత్రం ఆమే. ఆ మాట మీద యార్డులో ఎవరిచేతనైనా ఒట్టు వేయించవచ్చు, ఒక్క ఆమె చేత తప్ప.

పెద్దక్కకి అరవై రెండేళ్ళు. మనిషి పొట్టి, మాట అంతకన్నా పొట్టి. లారీల యార్డులో ఆమె పని సంబంధాలు కుదర్చడం. మనుషులకి కాదు, లారీలకీ ట్రైలర్లకీ. పెద్ద ట్రైలరుకి ముందువైపు చక్రాలుండవు. దాని ముక్కు తెచ్చి లారీ వీపు మీద ఆనించాలి. ఆనించే చోట గుర్రపు నాడాలాంటి ఇనుప పళ్ళెం ఒకటి ఉంటుంది. దాన్ని ఐదో చక్రం అంటారు. చక్రమని పేరే గానీ దొర్లేదీ లేదు, పరిగెత్తేదీ లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ట్రైలరు అడుగున మణికట్టు లావున ఒక ఇనుప మేకు వేలాడుతుంటుంది. లారీ వెనక్కి వచ్చినప్పుడు ఆ మేకు నాడా సందులో దూరుతుంది. పళ్ళెం కిందున్న దవడలు దాని మెడను కరుచుకుంటాయి. లాగేది ఇంజనే అయినా, వదలకుండా పట్టుకునేది ఆ దవడలు.

ఏ బండికి ఏ పళ్ళెం వెయ్యాలో చెప్పడానికి పెద్దక్క ముందు పుస్తకం తెరవదు. పళ్ళేనికి నుదురు ఆనించి, రెంచీతో ఒక్కసారి తట్టి, కళ్ళు మూసుకుంటుంది. ఒకసారి అలా తట్టి, "ఎడమవైపు మూడో బోల్టు కింద పగిలింది, వెంట్రుకంత" అంది. రంగు గీకి, భూతద్దం పెట్టి చూశారు. ఆమె చెప్పింది తప్పు. పగులు వెంట్రుకలో సగమే ఉంది.

ఇక తమ్ముడు. అక్కకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. ఒకప్పుడు ఆ యార్డులో అతనంత ఒడుపుగా పెద్ద బండి తోలేవాడు లేడు. ఏడేళ్ళ కిందట ఒక పొద్దున తొందరలో ట్రైలరు తగిలించాడు. టక్కుమని చప్పుడైంది, దవడలు మూసే మీట లోపలికి పోయింది. "కింద చూశావా?" అని ఎవరో అడిగితే, "చప్పుడు విన్నాను, చాలు" అన్నాడు. అసలు సంగతేమిటంటే ట్రైలరు ముక్కు ఉండాల్సిన దానికన్నా ఎత్తులో ఉంది. దవడలు మేకు మెడను కాకుండా, దాని అడుగున ఉన్న అంచును పట్టుకున్నాయి. మనిషిని చెయ్యి పట్టుకుని ఆపాల్సింది పోయి, చొక్కా కొస పట్టుకున్నట్టు. గేటు మలుపులో ట్రైలరు జారి ముక్కు మీద కూలబడింది. కాపలా పెద్దాయన అప్పుడే మంచినీళ్ళ కోసం లేచాడు కాబట్టి బతికాడు. ఆయన ఇనుప కుర్చీ మాత్రం అప్పడమైంది.

ఆ అప్పడాన్ని యార్డు గోడకి మేకు కొట్టి తగిలించారు. ఆ రోజు నుంచి తమ్ముడి పేరు 'కుర్చీ' అయింది. అతనూ పెద్ద బండి ఎక్కడం మానేసి, గోదాములో సరుకులు ఎత్తే చిన్న బండి తోలుకుంటున్నాడు. గోడవైపు చూడకుండా నడవడానికి రోజూ నలభై అడుగులు చుట్టు తిరిగి వెళ్తాడు.

ఇలా ఉండగా ఒకరోజు ఒక ఇంజనీరమ్మ వచ్చింది. కొండ మీద నక్షత్రాలు చూసే పెద్ద దుర్భిణి కడుతున్నారట. దాని అద్దాన్ని పైకి చేర్చాలి. అద్దం అంటే గోడకి తగిలించుకునేది కాదు. నలుగురు కాపురం ఉండే గది ఎంతుంటుందో అంత వెడల్పు. రుద్ది నునుపు చెయ్యడానికే నాలుగేళ్ళు పట్టిందట. ఆమె ఆ మాట చెబుతుంటే యార్డులో సుత్తులు ఆగిపోయాయి.

"తోలేది నా తమ్ముడైతే తగిలిస్తాను. లేకపోతే వేరే యార్డు చూసుకోండి" అంది పెద్దక్క.

యజమాని గొంతులో టీ అడ్డం పడింది. "కుర్చీయా? పెద్దక్కా, అది అద్దం!"

"అందుకే. పగిలేదాని విలువ వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

తమ్ముడు వద్దన్నాడు. రెండు రోజులు భోజనానికి కూడా అక్క ఇంటికి రాలేదు. మూడో రోజు ఆకలికి తాళలేక వచ్చాడు. అన్నం పెడుతూ అక్క ఒకే మాట అంది: "ఇప్పుడు కాదంటే ఇంకెప్పుడూ ఎక్కవురా." నిజమేనని అతనికీ తెలుసు. ఈసారి వెనకడుగు వేస్తే ఈ జన్మకి ఇక పెద్ద బండి లేదు. తల వంచుకుని తిన్నాడు. సరే అనలేదు గానీ, వద్దని కూడా అనలేదు.

పళ్ళెం ఎంచుకునే రోజున తమ్ముడు గోడకి వీపు పెట్టి నిలబడి చూశాడు. యజమాని కొత్తది తెప్పించాడు. నల్లగా నిగనిగలాడుతోంది, ముఖం చూసుకోవచ్చు. "ఎంత బరువైనా మోస్తుంది పెద్దక్కా. పుస్తకంలో రాశారు."

"మోస్తుంది సరే. వంగుతుందా?"

ఆమె దాన్ని రెండు చేతులా ఊపింది. అది ముందుకీ వెనక్కీ తల ఊపింది గానీ పక్కకి వాలలేదు. "కొండదారి నిండా గోతులు. లారీ ఎడమకి వాలుతుంది, ట్రైలరు కుడికి. ఇది మెడ తిప్పదు. ఆ మెలి అంతా అద్దానికి పోతుంది" అంది.

రెండోది సొరుగులా ముందుకీ వెనక్కీ జరిగేది. దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "జరిగేది ఏదైనా ఆడుతుంది. ఆడేది ఏదైనా కుదుపుతుంది."

తర్వాత యార్డు వెనక తుక్కు కుప్ప దగ్గరికి నడిచింది. పాత నూనె ట్యాంకరు నుంచి విప్పి పడేసిన పళ్ళెం ఒకటి తుప్పు పట్టి ఉంది. దాని మీది మట్టి చెంగుతో తుడిచి, నుదురు ఆనించి, తట్టింది. తమ్ముడికి ఒళ్ళు గగుర్పొడిచింది. తుక్కులోంచి గుడిగంట మోగినట్టు పలికిందది. పెద్దక్క కళ్ళు తెరిచి, "ఇది" అంది.

ఇంజనీరమ్మ ముఖం పాలిపోయింది. "పాతది కదండీ!"

"పాతది పళ్ళెం, అమ్మాయ్. దవడలు కొత్తవి వేస్తా. నాకూ అంతే, నోట్లో పళ్ళన్నీ కొత్తవే. ఇది ముందుకీ వంగుతుంది, పక్కకీ వాలుతుంది. నీ సరుకు పొట్టిది, బరువు నేలకి దగ్గర. అదే ఎత్తు సరుకైతే దీని నీడ కూడా తాకనివ్వను, పక్కకి పడదోస్తుంది."

ఆరు రోజులు పట్టింది బిగించడానికి. బోల్టులు అందించింది పెద్దక్క మొగుడు. యార్డు స్టోరు ఆయనదే. కొత్త దవడల మధ్య మేకు పెట్టి, సందులో పాత పోస్టుకార్డు దూర్చి చూసిందామె. ఒక కార్డు ఒరుసుకుంటూ దూరాలి, రెండు కార్డులు దూరకూడదు. మొదటిసారి రెండు దూరాయి. విప్పి మళ్ళీ బిగించింది. అలా పదకొండు సార్లు.

"కార్డంతా నలిగిపోయింది, ఇక ఉత్తరం ఎలా రాస్తావే?" అన్నాడు మొగుడు.

"నీకు రాసేదేముంది? ఎదురుగానే ఉన్నావు."

బయల్దేరే పొద్దున యార్డంతా గేటు దగ్గర చేరింది. అద్దం పెట్టెతో ట్రైలరు, ముందువైపు దించిన ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంది. తమ్ముడు లారీ ఎక్కాడు. వేలెడు వేలెడు చొప్పున వెనక్కి తెచ్చాడు. టక్. మీట లోపలికి పోయింది. బ్రేకు వేసిన ట్రైలరుని ఒకసారి ముందుకి గుంజి చూశాడు. కదల్లేదు, ఊడలేదు. జనం చప్పట్లు కొట్టారు.

పెద్దక్క లారీ మెట్టెక్కి, తాళంచెవి లాగి, చీర మీద తొడుక్కున్న చొక్కా జేబులో వేసుకుంది. "అయిపోయింది. టీ తాగి బయల్దేరదాం."

తమ్ముడు విస్తుపోయాడు. ముప్ఫై ఏళ్ళలో కిందికి దూరి చూడకుండా అక్క 'అయిపోయింది' అనడం అతను వినలేదు. "కింద చూడవా అక్కా?"

"మోకాళ్ళ నొప్పిరా. చప్పుడు విన్నాను, చాలు."

అది ఒకప్పటి తన మాటే. ఏడేళ్ళుగా చూడని గోడ వైపు చూశాడు. అప్పడమైన కుర్చీ అక్కడే ఉంది. అందరూ టీ వైపు నడుస్తున్నారు. అతను టార్చి తీసుకుని నేల మీద పడుకున్నాడు.

"ఏం బావమరిదీ, ఏమన్నా పారేసుకున్నావా?" అన్నాడు బావ.

తమ్ముడు టార్చి వేశాడు. పళ్ళేనికీ ట్రైలరుకీ మధ్య సందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. మూడు వేళ్ళు పట్టే సందు. దవడలు మేకు మెడను వదిలి, అడుగు అంచును పట్టుకున్నాయి. సరిగ్గా ఏడేళ్ళ కిందటిలాగే. టార్చి ఇంకొంచెం లోపలికి జరిపాడు. లారీ చట్రం మీద సుద్దముక్కతో రాసి ఉంది: 'ఈ పళ్ళెం మూడు వేళ్ళు పొట్టి. ట్రైలరు దించాలి.' ఆ గుండ్రటి అక్షరాలు అతనికి తెలుసు. చిన్నప్పుడు అక్క పలక మీద అతని చేత దిద్దించిన అక్షరాలే అవి.

అతను బయటికి వచ్చేసరికి మోచేతులు కొట్టుకుపోయి ఉన్నాయి. "ఎవరూ బండి ముట్టుకోకండి!" అని అరిచాడు. ఏడేళ్ళ తర్వాత యార్డులో మోగిన గొంతు అది. గోదాము రేకుల మీది పావురాలు లేచిపోయాయి. "మేకు అంచు మీద ఉంది. విప్పాలి. ట్రైలరు ముక్కు మూడు వేళ్ళు దించాలి. నేను చెప్పేదాకా ఎవరూ కదలొద్దు!"

యజమాని చేతిలోని గ్లాసు వదిలేశాడు. పెద్దక్క మాత్రం, "అయ్యో, ఎత్తు సంగతి మర్చిపోయానురా" అంది, కూరలో ఉప్పు మర్చిపోయినంత తీరుబడిగా.

బావ మీసం దువ్వుకున్నాడు. "నలభై ఏళ్ళ కాపురంలో ఇది ఉప్పు మర్చిపోయింది, నన్ను సంతలో మర్చిపోయింది. ఎత్తు మాత్రం ఎన్నడూ మర్చిపోలేదు."

తమ్ముడు అక్క జేబు వైపు చూశాడు. తాళంచెవి అందులోనే ఉంది. ట్రైలరు కాళ్ళు ఇంకా నేల మీదే ఉన్నాయి. తను కిందికి దూరకపోయినా బండి అంగుళం కదిలేది కాదు.

"తాళంచెవి ఎందుకు తీశావు అక్కా?"

"దొంగలెత్తుకుపోతారని."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలో ఎవడు దొంగో ఎవరికి తెలుసురా?"

విప్పి, దించి, మళ్ళీ తగిలించాడు. ఈసారి అతను దూరి చూశాక, వెనకే పెద్దక్క కూడా పిల్లిలా దూరింది. మోకాళ్ళ నొప్పి ఏమైందని బావ అడిగితే, తగ్గిందంది.

కొండకి ఇరవై ఏడు మలుపులు. పక్క సీట్లో కూర్చున్న పెద్దక్క డ్యాష్‌బోర్డు మీద గ్లాసుతో నీళ్ళు పెట్టింది. కొండెక్కేదాకా ఒక్క చుక్క ఒలకలేదని చెబుతారు. ఆ మాటలో కొన్ని కోతలున్నాయి. గ్లాసు సగమే నిండి ఉంది. పదకొండో మలుపులో పెద్ద గొయ్యి. లారీ ఎడమకి ఒరిగింది, ట్రైలరు కుడికి ఒరగబోయింది. తమ్ముడు వెనక అద్దంలో చూశాడు. తుక్కులోంచి లేచివచ్చిన ఆ పళ్ళెం, ఇరుకు సందులో ఎదురైనవాళ్ళకి దారిచ్చే ముసలామెలా, మెల్లగా భుజం వంచింది. గొయ్యి దాటిపోయాక మళ్ళీ నిటారైంది. పెట్టె చలించలేదు. ఎందుకో తెలియకుండానే అతని కళ్ళు చెమర్చాయి.

"రోడ్డు చూడరా" అంది పెద్దక్క, తనూ వెనక్కే చూస్తూ.

పైన, పెట్టె మూత తీశారు. ఆకాశం మొత్తం నేల మీదికి దిగి పడుకున్నట్టుంది. మబ్బులు అందులో కదులుతున్నాయి. మనుషులు పుట్టకముందు బయల్దేరిన వెలుతురు ఇంకా దారిలోనే ఉందని, దాన్ని ఈ అద్దం పట్టుకుంటుందని ఇంజనీరమ్మ చెప్పింది. అద్దాన్ని నిలబెట్టాక, అక్కాతమ్ముళ్ళు దూరంగా నిలబడి చూశారు. అద్దం గిన్నెలా లోపలికి వంగి ఉంది కాబట్టి ఇద్దరూ తలకిందులుగా కనిపించారు.

"నువ్వు తలకిందులయ్యావురా."

"నువ్వూ అంతేగా అక్కా."

"నేనెప్పుడూ నిటారే. అద్దానిదే తప్పు." తర్వాత చాలా మెల్లగా అంది: "ఆ వెలుతురు అంత దూరం నుంచి వస్తోందట. పాపం, కుదుపు లేకుండా రావాలి."

మర్నాడు కాపలా పెద్దాయన గోడ మీది కుర్చీని ఊడదీసి గేటు దగ్గర గుంట మీద పరిచాడు. ఇప్పుడు లారీలన్నీ దాని మీదుగానే పోతాయి. అన్నిటికన్నా ముందు పోయేది తమ్ముడి బండి.

యార్డులో కొత్తగా చేరినవాళ్ళు టీ వేళ ఈ కథ విని, నేరుగా పెద్దక్క దగ్గరికే వెళ్తారు. ఆ రోజు కావాలనే చేశావా, ఆ సుద్ద రాత నీదేనా అని అడుగుతారు. తమ్ముడు పక్కనే కూర్చుని, ఆమె గ్లాసులోంచి తన గ్లాసులోకి టీ ఒంపుకుంటూ వింటాడు.

"ఎవడు చెప్పాడు? అద్దమూ లేదు, కొండా లేదు" అంటుంది పెద్దక్క. "నాకసలు రాయడమే రాదు. నాకు తమ్ముడే లేడు."