ఇల్లు చూడటానికి వెళితే

1979లో మా వారికి వరంగల్‌కు బదిలీ అయింది. అద్దె ఇళ్లు మారలేక, స్టేషన్ దగ్గరి ఇరుకు గల్లీలో అమ్మకానికున్న చిన్న పెంకుటిల్లు చూడటానికి వెళ్లాం. ఇంటాయన ముసలి నేతకారుడు. మా వారు గోడలు తట్టి చూస్తుంటే నేను లోపలి గదిలోకి వెళ్లాను. మంచం మీదున్న ఆయన భార్య నన్ను చూసి గబగబా లేచి కూర్చుంది.

"నువ్వు పిల్లగాని అక్కవా? కూసో అమ్మా. మా సరోజ నీళ్లకు పోయింది, ఇప్పుడే వస్తది" అంది.

ఏమీ అర్థంకాక కూర్చున్నాను. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చివరికి ఇంటాయన నన్ను బయటికి పిలిచాడు.

"సరోజ మా బిడ్డ. పోయినేడు జెరమొచ్చి సచ్చిపోయిందమ్మా. ఇల్లు చూడ ఎవలొచ్చినా పెండ్లిచూపులకే వచ్చిండ్రనుకుంటది. ఈ ఇల్లు ఇడిస్తెనన్న జర మరుస్తదేమోనని అమ్ముతున్న" అన్నాడు.

ఆ ఇల్లు మేమే కొన్నాం. వాళ్లు ఖాళీ చేసిన రోజు ఆమె నా చెయ్యి పట్టుకుని, "సరోజ వస్తే మేం హనుమకొండకు పోయినమని చెప్పమ్మా" అంది.

చెబుతానన్నాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం తలుపు చప్పుడైతే చేతిలో పని వదిలేసి నేనే వెళ్లి తీసేదాన్ని.