బగారన్నం బల్ల

ఉప్పుగూడ యశోదకు పేడ రోత కాదు. పాలవ్యాపారం చేసే ఇంట్లో పుట్టింది, పేడలో చేతులు పెట్టి పెరిగింది. ఇప్పటికీ తెల్లారి బర్రెలు పిండి, స్నానం చేసి, ఆఫీసుకు పోయి ఫైళ్లు మోస్తుంది. ఆమెకు రోతంటే మనుషుల ఎంగిలి. అదీ టేబుల్ టెన్నిస్ బల్ల మీద వదిలితే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆ బల్ల బస్తీ కమ్యూనిటీ హాల్లో ఉండేది. రైల్వేలో రిటైరైన డానియేలు, తన క్లబ్బు పారేస్తుంటే అడిగి తెచ్చి, బస్తీ జనం ఆడుకుంటారని అక్కడ వేయించాడు. ఆడారా? ఆడారు, నాలుగు రోజులు. తర్వాత ఫంక్షన్లలో వంట గిన్నెలు పెట్టుకోవడానికి ఇంత పొడుగు బల్ల ఎక్కడా దొరకదని కనిపెట్టారు. ఎంత తెలివి! ఒక వైపు బగారన్నం, ఒక వైపు మటన్, నెట్ కట్టే చోట ఉల్లిగడ్డ ముక్కలు. పొద్దున యశోద వచ్చేసరికి నూనె పేరుకుని, ఎముకలు అతుక్కుని, ఈగలు ముసురుతుండేవి. ఛీ! సబ్బునీళ్లతో ఎంత రుద్దినా ఆ జిడ్డు వదిలేది కాదు.

అయినా ఆడేది. ఆఫీసు ఆడవాళ్ల జట్టులో ఏళ్ల తరబడి ఆమెది బెంచీయే. నీళ్ల సీసాలు అందించడం, చప్పట్లు కొట్టడం. ఈసారి సెలక్షన్‌లో గెలిచి, పోటీల్లో ఒక్క ఆటైనా ఆడాలని పంతం పట్టింది. అడ్డమల్లా ఫోర్‌హ్యాండే.

"బంతి కిందికెళ్లి ఎత్తకు బిడ్డా. నడుము తిప్పు, ముందటికి కొట్టు," అనేవాడు డానియేలు కుర్చీలోంచి. పాపం, ఆయనకు మనిషి కనిపిస్తుంది గానీ బల్ల మీది జిడ్డు కనిపించేంత చూపు లేదు.

ముందుకు కొడితే బంతి నెట్‌కు తగిలేది. జిడ్డు మీద బంతి ఎగరదు, జారుతుంది.

"బల్లకు నూనె ఉంది సార్, బంతి లేస్తలేదు," అంది ఓసారి.

హాలు తాళాలు చూసే శివయ్య పక్కనే పళ్లు కుట్టుకుంటున్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అక్కా నీ ముచ్చట! జర్రంత నూనెకు గింత లొల్లి ఏంది?"

చూస్తున్నవాళ్లంతా నవ్వారు. యశోదకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి బల్లను అనడం మానేసి తనను తాను తిట్టుకుంది. మోకాళ్లు వంచి, జారే బంతి కిందికి బ్యాటు పోనిచ్చి, పైకి ఎత్తి వేయడం అలవాటు చేసుకుంది. బంతి అవతల పడసాగింది. కుదిరిందని మురిసిపోయింది పిచ్చిది. డానియేలు తల పట్టుకున్నాడు.

సెలక్షన్ నాడు ఆఫీసు హాల్లో బల్ల అద్దంలా మెరిసింది. ఎదురుగా కొత్తగా ఉద్యోగంలో చేరిన అమల. మొదటి బంతే యశోద గుండెల దాకా ఎగిరింది. అలవాటుగా ఎత్తి వేసింది. బంతి అమల నెత్తి మీదుగా పోయి గోడకు తగిలింది. తర్వాతదీ అంతే. చెయ్యి మాట వింటేనా! ఎంగిలి నూనెకు దిద్దుకున్న చెయ్యి, శుభ్రమైన బల్ల మీద ఏమాడుతుంది? చివరికి అమలే జాలిపడి మెల్లగా రెండు బంతులు వేసింది. అవీ బయటికే.

"ఈసారి కూడా నీళ్ల సీసాలు నువ్వే చూస్కో యశోదమ్మా," అన్నాడు జట్టు చూసే మనీష్ సారు.

ఏడుపు రాలేదు. తిన్నగా బస్తీ హాలుకు వచ్చింది. ఎవరి బిడ్డకో తొట్టెల ఫంక్షన్. బల్ల మీద మళ్లీ గిన్నెలు. ఒకాయన కూర చెయ్యిని బల్ల అంచుకే తుడిచాడు.

"రా అక్కా, తిందువు. గెలిచినవా?" అన్నాడు శివయ్య.

"మద్దెల నిజంగనే ఓడు శివయ్యా," అంది. డానియేలుకు ఫోన్ చేసింది. "సార్, మీ బల్ల మా ఇంటికి తీస్కపోతున్న."

"తీస్కపో బిడ్డా," అన్నాడాయన.

పాలక్యాన్ల ట్రాలీ ఆటో తెమ్మని తమ్ముడు మురళిని పిలిచి, గిన్నెలు ఒక్కొక్కటే నేల మీదికి దించసాగింది. తింటున్నవాళ్లు నోళ్లు తెరిచారు.

"మీ ఇంట్ల బర్రెల కొట్టం తప్ప జాగ యాడుంది? గాడ పెడ్తవా?" అని శివయ్య ఎగతాళి చేశాడు.

"గాడనే పెడ్త," అంది యశోద, ఆఖరి గిన్నె దించుతూ. "మా బర్రెలకు గడ్డి యాడేస్తే గాడనే తింటయ్. బల్లెక్కి తినయ్."