గోడ పొడిగానే ఉంది, కాకా

మా మేస్త్రి కాక పోయాడు. పోయిన వారం ఇక్కడ అస్కర్ లేబర్ క్యాంపులో డ్యూటీ బస్సు ఎక్కబోతుంటే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "బాపు పొద్దుగాల చాయ్ తాగి కూసున్నడన్నా, కూసున్నట్టే పోయిండు" అన్నాడు. ఆ రోజంతా ఏం పని చేశానో నాకు తెలియదు.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. నాకు షట్టరింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి అచ్చులు బిగించే పని నేర్పిన మనిషి. జగిత్యాల వైపు వాడు. కువైట్ యుద్ధం ముగిసిన కొత్తల్లో బహ్రెయిన్ వచ్చి, బతుకంతా ఈ దీవి రోడ్లలోనే గడిపాడు.

ఆయన్ని దారి అడిగితే మాకు నవ్వొచ్చేది. లేనివాటిని గుర్తులుగా చెప్పేవాడు. "రౌండ్‌అబౌట్ కాడ దిగి, ఖర్జూరపు చెట్ల దిక్కు నడువు" అనేవాడు. ఆ రౌండ్‌అబౌట్ తీసేసి ఏళ్లయింది, చెట్లున్న చోట ఫ్లైఓవర్ ఉంది. బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ఆయనకు తను మొదట చూసిన ఊరూ, ఇంజనీర్ల కాగితాల మీది ఊరూ, మేము తవ్వి కట్టిన ఊరూ ఒకదాని మీద ఒకటి కనిపించేవి. "ఈడ సముద్రముండె బిడ్డా" అని నడిరోడ్డును చూపించేవాడు. ఇప్పటికీ కునుకు పడితే ఆ నీళ్లు నాకూ కనిపిస్తాయి, కార్ల కింద మెల్లగా కదులుతూ.

మేమిద్దరం కలిసి కట్టింది ఒక అండర్‌పాస్. తవ్వినకొద్దీ ఉప్పునీళ్లు ఊరేవి. అచ్చులు విప్పాక కాక ప్రతి గోడనూ వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఒకసారి నా పాపం అలాగే బయటపడింది. కాంక్రీటును అదిమే వైబ్రేటర్ నేను సరిగ్గా తిప్పక, భుజమెత్తున గోడ గుల్లబారింది. టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారని భయపడి, పైపైన సిమెంటు పూసేశాను. కాక వచ్చి రెండు దెబ్బలు కొట్టాడు. నా వైపు చూడకుండానే "సుత్తె తే" అన్నాడు.

ఆ గుల్లంతా నా చేతే పగలగొట్టించాడు. ఇంజనీరు సాబ్ మండిపడితే "గలతీ మేరీ హై సాబ్" అని తల వంచుకున్నాడు. సాబ్ వెళ్లాక నాకు ఏడుపాగలేదు.

"నీ మీదేసుకుని అబద్ధమెందుకు చెప్పినవ్ కాకా?"

"ఇంజనీరుకు చెప్తే రేపటికి మరుస్తడు. గోడకు మాత్రం చెప్పకు. అవుతల సముద్రమున్నది, అది ఎతుకుతనే ఉంటది."

కొత్త కాంక్రీటుతో పూడ్చాం. చేటంత అతుకు తెల్లగా మిగిలిపోయింది.

రెండేళ్ల కింద కాక ఇంటికెళ్లిపోయాడు. ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే అడిగేవాడు, "అతుకుకు చెమ్మ వట్టిందారా?" నాకు అటు పోయే పనే పడేది కాదు. అయినా "పొడిగున్నది కాకా" అనేవాణ్ని. "మంచిగున్నది పో" అని సంబరపడేవాడు. ఒక్క శుక్రవారం బస్సెక్కితే సరిపోయేది. నా బద్ధకం తగలెయ్య! గోడకు చెప్పొద్దన్న అబద్ధం రెండేళ్లు ఆయనకే చెప్పాను.

మొన్న శుక్రవారం వెళ్లాను. దారి పొడుగునా ఒకటే గుబులు, తడిసి ఉంటే ఎలా అని. బస్సు అండర్‌పాస్‌లోకి దిగి, కార్ల వెనక ఆగింది. ఎండ వాలుగా గోడ మీద పడుతోంది. అతుకు సరిగ్గా నా కిటికీకి ఎదురుగానే ఉంది. చెమ్మ లేదు, ఉప్పు చారైనా లేదు. అద్దం మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాను. పక్క సీటాయన "క్యా హువా భాయ్?" అన్నాడు.

ఫోన్ తీసి కాక నంబరు దాకా వెళ్లాను. వేలు అక్కడే ఆగిపోయింది. బస్సు కదిలింది. ఎండలో ఆ తెల్లటి అతుకు నా కిటికీ దాటి, వెనక కిటికీ దాటి, మెల్లగా వెనక్కి పోయింది.