హమద్ తల్లికి మా బావ చేసిన తర్జుమా

మా బావ దయానందాన్ని మా ఊరు సురంగల్‌లో ఎవరూ పెళ్లి సంబంధాలు మాట్లాడటానికి వెంట తీసుకుపోరు. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. మా బావతో ఆ వెయ్యిలో మొదటిది కూడా ఆడించలేం. ఓసారి మా చర్చి పెద్ద ప్రేమ్‌చంద్ కొడుక్కి పిల్లను చూడబోతూ, నలుగురుంటే నిండుగా ఉంటుందని ఈయన్ని కూడా బండెక్కించాడు. పిల్ల తండ్రి మాటవరసకు "పిలగానికి అలవాట్లేమన్న ఉన్నయా?" అని అడిగాడు. "ఐతారం తప్ప అన్ని దినాలు తాగుతడు" అన్నాడు బావ. ఇచ్చిన చాయ్ తాగకుండానే అందరూ లేచి వచ్చారు. యథార్థవాది లోకవిరోధి అంటారు. లోకం సంగతేమో గానీ, ప్రేమ్‌చంద్ మాత్రం రెండేళ్లు మాట్లాడలేదు.

ఆయన పుట్టుకతో అలాంటివాడు కాదు. అలా అయ్యింది నా వల్ల.

నా పేరు శాంసన్. ఆయన భార్య శాంతమ్మ నాకు సొంత అక్క. ఒమాన్‌లోని నిజ్వాలో బావ ఒక ఆసుపత్రి బండి నడిపేవాడు, నేను అదే ఆసుపత్రి మెస్‌లో వంట చేసేవాణ్ణి. ఆయన పంతొమ్మిదేళ్లు ఉన్నాడు, నేను పదకొండేళ్లు. ఇద్దరిదీ ఒకటే గది, పైమంచం నాది, కిందిమంచం ఆయనది. తొమ్మిదేళ్ల కింద ఒకరోజు పొద్దున ఊరి నుంచి నాకు ఫోన్ వచ్చింది. టమాట చేనులో అక్క ఉన్నట్టుండి పడిపోయిందని, చేవెళ్ల దవాఖానకు చేరకముందే ప్రాణం పోయిందని చెప్పారు.

గల్ఫ్‌లో చావు కబురును చావు కబురులా చెప్పరు. "సీరియస్‌గా ఉన్నది, బయలుదేరు" అంటారు. మనిషి విమానంలో ఒంటరిగా ఉంటాడు, ఏమైనా చేసుకుంటాడేమో అని భయం. ఆ మాటకు అర్థమేమిటో మాలో అందరికీ తెలుసు. బావే అంతకుముందు ఇద్దరికి ఆ మాట చెప్పి పంపాడు. కానీ తన దాకా వచ్చేసరికి మనిషి నమ్ముతాడు. ఆయన డ్యూటీ దిగి గదికి వచ్చాక, ఆయన మొహం చూడలేక, సూట్‌కేసులో బట్టలు సర్దుతూ చెప్పాను. "అక్కకు సీరియస్‌గా ఉన్నది బావా. దవాఖానల చేర్చిన్రు."

నాకు సెలవు దొరకలేదు, ఆయనొక్కడే వెళ్లాడు. విమానాశ్రయంలో ఒక ఫ్లాస్క్ కొన్నాడట, దవాఖానలో వేడినీళ్లకు అక్కరకొస్తుందని. ఆ ఫ్లాస్క్ పట్టుకుని ఇంటి ముందు దిగేసరికి టెంటు వేసి ఉంది. ఇదంతా అక్క కూతురు ఆశా తర్వాత నాకు చెప్పింది. బావ మాత్రం ఆ సంగతి నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అదిగో, అప్పటి నుంచే ఆయన ఎవరి మొహం మీదైనా ఉన్నమాట అనేయడం మొదలుపెట్టాడు. నేను ఆయన మంచికే చేశానని చాలా ఏళ్లు అందరితో వాదించాను.

ఇద్దరం తిరిగొచ్చాక ఒకేచోట కుదిరాం. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద సింధుజ అనే డాక్టరమ్మ పళ్ల దవాఖాన పెట్టింది. ఒమాన్, యెమెన్, సూడాన్ల నుంచి మనుషులు ఇంప్లాంట్ల కోసం అక్కడికి వస్తారు. పన్ను పోయినచోట దవడ ఎముకలోకి చిన్న మర బిగిస్తారు. ఎముక దాన్ని పట్టుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ తర్వాత మళ్లీ వస్తే దానిమీద పన్ను కూర్చోబెడతారు. వాళ్లు ఉండటానికి చిల్కూరు దారిలో ఒక తోటలో ఆరు గదులున్నాయి. అక్కడ వంట నాది. చిగుళ్లకు కుట్లు పడ్డవాళ్లకు జావ, మెత్తటి పప్పన్నం, పలచటి షోర్బా. బండి నడపడం, అరబ్బీ తర్జుమా చేయడం బావ పని.

తర్జుమాకు బావది ఒకటే కాయిదా. గదిలో ఎవరు ఏమన్నా రెండో పక్కవాళ్లకు అది తెలియాలి. ఒక సూడాన్ పెద్దాయన కుర్చీలో కూర్చుని తనలో తాను ఏదో గొణిగాడు. "ఏమన్నడు అంకుల్?" అని డాక్టరమ్మ అడిగింది. "ఈ పోరికి పని వచ్చా, ఆటలాడుతున్నదా అంటున్నడు మేడమ్" అన్నాడు బావ. వెంటనే అటు తిరిగి, నీ మాట ఆమెకు చెప్పేశానని ఆ పెద్దాయనకూ చెప్పాడు. ఆయన మొహం కందగడ్డయింది. డాక్టరమ్మ నవ్వి, గోడ మీదున్న డిగ్రీ పట్టా చూపించింది. ఆ రోజు నుంచి ఆమె బావను వదల్లేదు.

పోయిన ఏడు ఫిబ్రవరిలో హమద్ తల్లి వచ్చింది. వాళ్లలో పెద్దావిడను పేరు పెట్టి పిలవరు, ఉమ్ హమద్ అంటారు. మన దగ్గర ఫలానావాని అవ్వ అన్నట్టే. అరవై దాటిన మనిషి, ఊరు నిజ్వా పక్కనే. తోడుగా కొడుకు హమద్ వచ్చాడు. ముందరి పళ్లూ పక్క పళ్లూ కలిసి పది ఊడిపోయాయి. కట్టుడు పళ్ల సెట్టు ఉంది గానీ తింటుంటే జారిపోతుంది. వాళ్లు ఒకటే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఆమె మూడేళ్లుగా ఆ పళ్లెం దగ్గరికి పోవడం లేదు. వంటింట్లో గోడ వైపు తిరిగి ఒక్కతే తింటోంది. రంజాన్ తర్వాత కూతురి పెళ్లి ఉంది. ఆ లోపు మరలు బిగించుకుంటే, ఈసారికి వాటిమీద తాత్కాలికంగా పళ్లు పెడతారని ఎవరో చెప్పారు. వియ్యపురాళ్లతో ఒక పళ్లెంలో తినాలని ఆమె కోరిక. ఇదంతా విమానాశ్రయం నుంచి వచ్చే దారిలోనే బావకు చెప్పింది. తమ ఊళ్లో బండి నడిపిన మనిషి అని తెలిసి నోరు విప్పింది.

మర్నాడు పరీక్షకు వెళ్లేటప్పుడు కొడుకు నిద్ర లేవలేదు. బండిలో బావ, ఆమె ఇద్దరే ఉన్నారు. అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఐదేళ్ల కింద రొమ్ములో కాన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. అది ఎముకల్లోకి పాకిందని నెలనెలా ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ ఇంజెక్షన్ పడ్డవాళ్లకు ఇంప్లాంట్లు వేయకూడదని మస్కట్‌లో డాక్టరు తిప్పి పంపాడు. అందుకే ఇంత దూరం వచ్చింది. జబ్బు సంగతి కొడుక్కి తెలుసు, డాక్టరు కాదన్న సంగతి తెలియదు. "నువ్వు మా ఉప్పు తిన్నవాడివి. ఇక్కడ ఆ మాట చెప్పకు" అంది.

దవాఖానలో డాక్టరమ్మ కాగితం చూస్తూ అన్నీ అడిగింది. షుగర్ ఉందా, గుండె జబ్బుందా, ఎముకలకు ఇంజెక్షన్లేమైనా తీసుకున్నారా. బావ చివరిది కూడా అరబ్బీలో అడిగాడు. లేదని ఆమె తల ఊపింది. మూతికి అడ్డం పెట్టుకున్న స్కార్ఫు అంచును ఇంకాస్త పైకి లాక్కుంది.

"లేదు మేడమ్" అన్నాడు మా బావ.

మధ్యాహ్నం వంటింటికి వచ్చి, పీట మీద కూర్చుని ఆ మాట నాకు చెప్పాడు. పెట్టిన అన్నం ముట్టలేదు. మర్నాడు పదింటికి మరలు బిగిస్తారు. నేను క్యారెట్లు చెక్కుతూ నాకు తోచింది అన్నాను.

"ఆమె నోరు, ఆమె ఇష్టం. నీకెందుకు బావా ఫికర్? ఇన్నేండ్లకు ఒక్క మాట దాచినవ్, మంచికే దాచినవ్."

"మంచికేనా?"

"మరి ఆమె ఉసురు పోసుకుంటవా?"

ఆయన నా వైపు చూసి, ఇన్నేళ్లుగా అనని మాట అన్నాడు. "నేను ఫ్లాస్క్ పట్టుకొని ఇంటి ముందర దిగిన శాంసన్. వాకిట్ల ఉన్నోళ్లందరికి తెలుసు. నాకొక్కనికే తెల్వదు. రేపు గదిల నాకు తెలుసు, ఆ తల్లికి తెలుసు. చేతిల మిషన్ పట్టుకున్న పిల్లకు తెల్వదు. ఆమెను గట్ల ఎట్ల నిలవెడ్త?"

"నేను నీ మంచి కోరే గద చెప్పిన" అన్నాను.

"నువ్వు గిప్పటికి గూడ ఆ మాట చెప్పలేదు" అని లేచి పోయాడు.

మర్నాడు ఆ గదిలో నేను లేను. కానీ బావ చెప్పిందీ డాక్టరమ్మ చెప్పిందీ ఒక్క తీరుగా ఉన్నాయి. హమద్ తల్లి కుర్చీలో పడుకుంది. డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుంటోంది. బావ ముందుకొచ్చి, "మేడమ్, నిన్న నేను అబద్ధం చెప్పిన. ఈమెకు కాన్సరైంది. నెలనెల ఎముకలకు ఇంజెక్షన్ ఇచ్చిన్రు. మస్కట్ల డాక్టర్ వద్దన్నడు" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. హమద్ తల్లి వైపు తిరిగి, తాను తెలుగులో ఇప్పుడేం చెప్పాడో ఒక్క మాట కూడా తగ్గించకుండా అరబ్బీలో ఆమెకు చెప్పాడు.

ఆమె కుర్చీలో లేచి కూర్చుంది. తర్వాత గొంతు పెంచకుండా, బావ కళ్లలోకి చూస్తూ మాట్లాడింది. డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. "ఏమంటున్నరు అంకుల్?"

"నన్ను తిడుతున్నది మేడమ్. నమ్మినందుకు గొంతు కోసినవ్ అంటున్నది. నా నాలుకల బరకత్, అంటే దీవెన, అల్లా తీసెయ్యాలె అంటున్నది. నేను తిన్న బువ్వ నా వంటికి పట్టొద్దంటున్నది. నేను సచ్చినప్పుడు నా పక్కన నా అనేటోళ్లు ఎవ్వరు ఉండొద్దంటున్నది."

అట్లా చెప్తుంటే ఆయన ఒక్క మాట కూడా మింగలేదని డాక్టరమ్మ అంది. చెప్పడం అయ్యాక మాత్రం, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడట.

డాక్టరమ్మకు కోపం వచ్చింది. "నిన్న ఎందుకు దాచిన్రు? ఇప్పుడు గూడ చెప్పకపోతే నేను డ్రిల్ పెట్టేస్తుంటి" అని నిలదీసింది. బావ ఆ మాటా హమద్ తల్లికి తర్జుమా చేశాడు. తర్వాత డాక్టరమ్మ చల్లబడి, ఆమె దగ్గర కూర్చుని విప్పి చెప్పింది. ఆ మందు పడ్డ ఎముకకు రంధ్రం చేస్తే గాయం మానకపోవచ్చు. అట్లా మానకపోతే దవడ ఎముక చచ్చి చీము పడుతుంది, కొందరికి ఎముక ముక్కలే తీసేయాల్సి వస్తుంది. తనను శపించిన మనిషి పక్కనే కూర్చుని బావ అరగంట సేపు అవన్నీ ఆమెకు చెప్పాడు. ఆమె గోడ వైపు చూస్తూ విన్నది. చివరికి ఒక్క ప్రశ్న అడిగింది. బావ దాన్ని డాక్టరమ్మకు అందించాడు.

"మరి నా బిడ్డ పెండ్లిల నేను ఏం పెట్టుకొని తినాలె అంటున్నది మేడమ్."

"తీసి పెట్టుకునే సెట్టే చేస్త. ఇంప్లాంట్ అంత గట్టిగ ఉండదు. కానీ జారకుండ చేస్త" అంది డాక్టరమ్మ.

రెండు వారాలు పట్టింది. కొలతలు తీయడం, మైనంలో పళ్లు అమర్చి చూడటం, నొప్పిపెట్టిన చోట అరగదీయడం. హమద్‌కు అంతా తెలిసింది. వాడు తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ఆమె బావతో తర్జుమా దాటి ఒక్క మాట మాట్లాడలేదు. నా జావ మాత్రం తాగేది. చివరి మూడు రోజులు అన్నం, మెత్తగా ఉడికిన మాంసం తింది. హమద్ ఆమెతో ఒకే పళ్లెంలో తింటుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. నాకు సంతోషమైంది, దాచడమెందుకు.

వెళ్లే రోజు సామాన్లు ఎక్కువున్నాయని నేనూ బండిలో వెళ్లాను. విమానాశ్రయం గుమ్మం దగ్గర హమద్ బావ చేతులు పట్టుకున్నాడు. హమద్ తల్లి రెండడుగులు వేసి ఆగింది. "నేను నిన్ను క్షమించలేదు. ఈ మాట ఆ డాక్టరుకు కూడా చెప్పు" అంది. బావ సరేనన్నాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

బావ అక్కడే నిలబడి ఫోన్ తీసి డాక్టరమ్మకు ఆ మాట చెప్పాడు. "మేడమ్, హమద్ తల్లి నన్ను క్షమించలేదంట. మీకు చెప్పమన్నది." అవతల ఆమె ఏమందో నాకు వినిపించలేదు. ఫోన్ జేబులో వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

బండి ఔటర్ రింగు రోడ్డు ఎక్కింది. ఆయన్ని చూస్తూ నేను నా గురించి ఆలోచించాను. ఆయన కోసమే దాచానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అది నిజం కాదు. అక్క పోయింది అనే మాట నా నోటితో అనలేక దాచాను. అన్నాక ఆయన పక్కన కూర్చోవాల్సి వస్తుందని దాచాను. మొయినాబాద్‌కు దిగే దారి రాకముందే నోరు తెరిచాను.

"బావా, అక్క సచ్చిపోయింది."

ఆయన బండిని మెల్లగా పక్కకు తీసి ఆపాడు. రోడ్డు వైపే చూస్తూ, ఇప్పుడే విన్నవాడిలా అడిగాడు.

"ఎప్పుడు?"

"పొద్దుగాల ఎనిమిదింటికి. టమాట చేనుల పడ్డది. చేవెళ్లకు తోల్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది."

"ఆమె కాడ ఎవరున్నరు?"

"ఆశా ఉన్నది. తల ఆశా ఒళ్లె ఉన్నది."

"ఏమన్న అన్నదా?"

"నిన్ను అడిగిందంట బావా. మీ బాపుకు ఫోన్ చెయ్యమన్నదంట."

ఆయన స్టీరింగ్ వదిలి రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. నేను ఈసారి ఎటూ తిరగకుండా ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. బండి మళ్లీ తీసేసరికి చాలాసేపయింది.