పాత పాట చెరగని ఆదివారం

దేవునికి స్తోత్రం! చీకటిలో వెలుగు ప్రకాశింపజేసిన ఆయనే మా నల్లపాడు సంఘానికి, ఆరాధనలో కంప్యూటర్ నడిపే తమ్ముణ్ణి ఇచ్చాడు; ఆయన్ని అందరం కంప్యూటర్ బ్రదర్ అనేవాళ్లం.

లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన పాత కంప్యూటర్‌కు ప్రొజెక్టర్ తగిలించి పాటలను గోడ మీద చూపేవాళ్లం. ఒక ఈస్టర్ ఉదయం పాట మార్చితే పాత చరణాలు చెరగకుండా కొత్తవాటిలో కలిసిపోయాయి. మిరప కోతలకు వెళ్లే అక్కలు గోడ మీద ఉన్నదంతా పాడేశారు! సంఘపెద్ద తడిగుడ్డతో గోడ తుడిచాడు. తర్వాతి పాట ఎత్తాల్సింది మా పెద్దమ్మ. చెవులు వినపడని ఆమెకు ఆ అక్షరాలే ఆధారం.

బ్రదర్ ఎప్పటిలాగే ఒక చిన్న విండోను మౌస్‌తో పట్టి ఆ గజిబిజి మీదుగా లాగాడు. అది కదిలిన మేర అక్షరాలు శుభ్రపడ్డాయి.

"పాట బాగానే ఉందండీ! కొత్తది వచ్చింది, పాతది చెరగలేదంతే," అన్నాడు. అది ఆయన ఊతపదం. "గ్రాఫిక్స్ కార్డు తొందరపడి సగం సగం గీస్తోంది. ఆ తొందర మాన్పిస్తా."

సెట్టింగుల్లో ఒక్క వరుస మార్చి, తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ లేపాడు. గోడంతా నల్లబడింది.

"ఉన్నది కూడా పోగొట్టావా నాయనా!" పెద్దమ్మ కేకకు అందరూ ఉలిక్కిపడ్డారు.

అంతలో ఆ నలుపులోంచి ఒక్క పాటే తేటగా లేచింది. పెద్దమ్మ గొంతెత్తింది. హల్లెలూయ! మేమంతా లేచి నిలబడ్డాం.

ఆ బ్రదర్ ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆయన కోసం, కొత్తది వచ్చినా మనలో చెరగని పాతది చెరిగిపోవాలని, నాతో కలిసి ప్రార్థించండి.